వంతెన కింద ఉప్పు చూడటం

మా ఇంట్లో ఎవరు వండినా ఉప్పు చూసేది అన్నే. ఇల్లు అంటున్నాను గానీ, అది హాలిఫాక్స్‌లో ఒకరి ఇంటి కింద ఉన్న బేస్‌మెంట్. కిటికీలోంచి చూస్తే వీధిలో నడిచేవాళ్ళ బూట్లు మాత్రమే కనిపించేవి. అందులో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను, నిజామాబాద్ నుంచి వచ్చిన మా రూమ్మేట్, భీమవరం దగ్గర నుంచి వచ్చిన అన్న. సొంత అన్న కాదు. మా ఇద్దరికంటే నాలుగేళ్ళు పెద్ద, పైగా కారున్నవాడు. కారున్నవాణ్ణి హాలిఫాక్స్‌లో ఎవరైనా అన్న అనే అంటారు.

అన్న వాళ్ళది రొయ్యల చెరువులు చేసిన కుటుంబం. చెరువు నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూడటానికి మీటర్లు ఉంటాయట. మీటరు పాడైన రోజున వాళ్ళ నాన్న నీళ్ళలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, అంకె చెప్పేసేవాడట. ఆ విద్య అన్నకి కూడా వచ్చింది. కెనడాలో దానికి ఉద్యోగం ఏదీ దొరకలేదు కాబట్టి మా పప్పు మీదా చారు మీదా వాడేవాడు. 'కొంచెం తగ్గింది' అనేవాడు కాదు. 'అర చెంచాకి కొంచెం తక్కువ వెయ్యి' అనేవాడు. వేస్తే సరిపోయేది. నాకు మొదట్లో అది కూడా అనుమానంగానే ఉండేది.

అసలు ఆ రోజుల్లో మాకు అనుమానం కానిదేముంది? మాలాంటి వాళ్ళం ప్రతి విమానంలోనూ దిగుతున్న కాలమది. ఒక కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందని తెలిసి రెజ్యూమె పట్టుకుని వెళితే, నా ముందు లైన్లో నా క్లాసంతా ఉంది. హాజరు వేసుకోవడమొక్కటే తక్కువ. పని దొరకనివాళ్ళు పుకార్లు దొరికించుకునేవాళ్ళు. ఎటోబికోలో ఎవడో టికెట్ లేకుండా బస్సెక్కితే వర్క్ పర్మిట్ రాలేదట. రిచ్‌మండ్ హిల్‌లో ఎవరో పక్కింటి చెట్టు ఆపిల్ కోసినందుకు ఫైలు ఆగిపోయిందట. ఆ ఎవడో ఎవరో చూసినవాడు లేడు. అయినా మా వాట్సాప్ గ్రూపులో వాడికున్నంత పేరు ఇంకెవరికీ లేదు.

అన్న కోర్సు అప్పటికే అయిపోయింది. కాలేజీ నుంచి ఒక లెటర్ రావాలి. రాగానే వర్క్ పర్మిట్‌కి అప్లై చేయాలి. రాకపోతే ఉండటానికి లేదు. ఆ అప్లికేషన్‌లో ఒక ప్రశ్న ఉంటుంది. ఏ దేశంలోనైనా, ఎప్పుడైనా, మీ మీద కేసు గానీ, అరెస్టు గానీ, శిక్ష గానీ ఉందా అని. అన్న రోజూ సాయంత్రం లాప్‌టాప్‌లో ఆ పేజీ తెరిచేవాడు. 'లేదు' అన్నదాని మీద నొక్కేవాడు. కాసేపు చూసుకునేవాడు. మూసేసేవాడు. కొందరు సాయంత్రం దీపం పెట్టుకుంటారు, మా అన్నకి ఇది.

ఇలాంటి మనిషి గాలం కొన్నాడంటే దానికి కారణం సూపర్ మార్కెట్టే. అక్కడ చేప అంటే ప్లాస్టిక్ కవర్లో తెల్లటి ముక్క. తల లేదు, తోక లేదు, ముల్లు లేదు.

"ఇది చేపేనని ఎలా నమ్మమంటావురా?" అన్నాడు అన్న కవరు తిప్పి చూస్తూ. "మొహం చూపించట్లేదంటే ఏదో ఉందన్నమాటే."

మా నిజామాబాద్ వాడు ఏ పని చేసేముందైనా దాని రూల్స్ డౌన్‌లోడ్ చేసి, ముఖ్యమైన వాక్యాలకి పసుపు రంగు పూసి చదువుతాడు. చెత్త ఏ రోజు ఏ సంచీలో వేయాలన్నదానికి కూడా వాడి దగ్గర పసుపు పూసిన కాగితం ఉంది. చేపల రూల్స్ చదవడానికి వాడికి రెండు రోజులు పట్టింది.

"చూడన్నా, గీడ సముద్రం ఫెడరల్ గవర్నమెంటుది. నది ప్రావిన్స్‌ది. సముద్రంల గాలమేస్తే లైసెన్స్ అక్కర్లేదు. నదిల ఏస్తే కావాలె."

"మరి నది సముద్రంలో కలిసే చోట?"

"గాడ ఒక గీత ఉంటదట."

"ఎక్కడ?"

"నీళ్ళ మీద."

"నీళ్ళ మీద గీత ఎవడు గీశాడ్రా?"

"గదే నాకు గూడ డౌటు."

ఆ డౌటు అక్కడే వదిలేసి, శనివారం పొద్దున్నే అన్న కారులో బయల్దేరాం. గంట దూరంలో ఒక నది సముద్రంలో కలుస్తుంది. ఆ తీరంలో ఆటుపోట్లు మామూలుగా ఉండవు. పోటు వచ్చినప్పుడు సముద్రం నదిలోకి ఎదురెక్కుతుంది, ఆటు వచ్చినప్పుడు నది ఎర్రటి బురద చూపించి వెళ్ళిపోతుంది. అక్కడొక ఇనుప వంతెన ఉంది. వంతెన పక్కన ఒక బోర్డు. ఎండకీ మంచుకీ అక్షరాలన్నీ పోయాయి, బాణం మాత్రం మిగిలింది. ఒక మేకు ఊడిపోవడంతో బోర్డు వేలాడుతూ, బాణం సరిగ్గా నేలని చూపిస్తోంది. నేల ఏ ప్రభుత్వానిదో మాకెవరికీ తెలియదు.

"ఆగండి," అని అన్న గట్టు దిగాడు. అప్పుడు సముద్రం పోటు మీద ఉంది. వేలు ముంచాడు, నాలుక మీద పెట్టుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. సరిపోలేదేమో, దోసిలితో తీసుకుని పుక్కిలించి ఉమ్మాడు.

"సముద్రమే," అన్నాడు పైకి వచ్చి. "వెనామీ రొయ్య పిల్ల వేసుకోవచ్చు."

రూల్స్ అన్నీ చదివిన మా నిజామాబాద్ వాడు ఆ మాటకి తలూపాడు. నేనూ ఊపాను. రెండు ప్రభుత్వాలు తేల్చుకోవాల్సిన సంగతిని మేము అన్న నాలుక మీద వదిలేసి, వంతెనకి ఎగువన నీడ బాగుందని అక్కడ గాలం వేశాం.

దిగువన మడత కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పక్కన ఫ్లాస్కు, ఒళ్ళో నోట్‌బుక్. గాలం లేదు. మేం చూసినప్పుడల్లా ఆయన మావైపే చూస్తున్నాడు. చూసి, రాసుకుంటున్నాడు. మన ఊళ్ళో అయితే 'ఏంటండీ' అని అడిగేసేవాళ్ళం. ఇక్కడ చెయ్యి ఊపి 'హాయ్, హౌ ఆర్ యూ' అన్నాం. ఆయన 'గుడ్' అని, అది కూడా రాసుకున్నాడు.

"రిపోర్ట్ కొడ్తుండు," అన్నాడు మా నిజామాబాద్ వాడు పెదవులు కదపకుండా.

"ఎవరికి?"

"గది తెలిస్తే మనమే పొయ్యి చెప్పుకోవచ్చు గదరా."

అంతలో గాలం వంగింది. వెండి రంగు ఒళ్ళు, దాని మీద నిలువునా నల్లటి చారలు. అన్న మొహంలో అంత సంతోషం కోర్సు అయిపోయినప్పుడు కూడా చూడలేదు. కానీ రూల్ ప్రకారం ఒక పొడవు దాటిన చేపనే ఉంచుకోవాలి. టేపు ఎవరమూ తేలేదు. అన్న మూర వేశాడు.

"నీ మూర గవర్నమెంట్ ఒప్పుకోదన్నా," అని మా వాడు తన ఫోన్ పొడవు ఎన్ని సెంటీమీటర్లో గూగుల్‌లో చూసి, ఫోన్‌ని చేప పక్కన పెట్టి కొలిచాడు. నాలుగున్నర ఫోన్లు. పాస్. మనిషికి రోజుకి ఒకటే అన్నారు కాబట్టి, మిగతా రెండూ పట్టే హక్కు మాకున్నా, ఆ ముసలాయన పెన్ను చూసి ఒక్కదానితోనే సర్దుకున్నాం. చేపని మధ్యలో పట్టుకుని ముగ్గురం ఫోటో దిగాం. ఇంటికెళ్ళి అన్న చింతపండు పులుసు పెట్టాడు. తల ముక్క తనకే. పులుసులో ఉప్పు గురించి చెప్పేదేముంది.

సోమవారం రాత్రి ఫోటో నేను స్టేటస్‌లో పెట్టాను. ఈ వాక్యం ఇంత చిన్నగా రాస్తున్నానంటే తప్పు నాదేనని అర్థం.

మంగళవారం దానికి ఒక జవాబు వచ్చింది. వేరే కాలేజీ వాడు, ఎప్పుడో ఒకసారి ఫెర్రీలో పరిచయం. 'బ్రో, ఆ బ్రిడ్జికి పైన నది కదా? లైసెన్స్ తీసుకున్నారా?' పక్కన ఒక నవ్వు బొమ్మ. ప్రశ్నకంటే ఆ నవ్వు బొమ్మ మీదే మా ఇంట్లో రెండు రోజులు చర్చ నడిచింది. వాడు మంచివాడా, మంచివాడైతే నవ్వడమెందుకు, నవ్వినవాడు ఇంకెవరికి చూపించాడు.

మా నిజామాబాద్ వాడు మళ్ళీ రూల్స్ తీశాడు. ఈసారి రెండు ప్రభుత్వాలవీ పక్కపక్కన పెట్టి చదివాడు. ప్రావిన్స్ కాగితం ప్రకారం నది వంతెన దాకా వచ్చి ఆగుతుంది. ఫెడరల్ కాగితం ప్రకారం సముద్రం ఇంకొంచెం పైకి, పాత రైలు వంతెన తాలూకు రాతి స్తంభాల దాకా వస్తుంది. ఆ రెంటి మధ్యా ఓ వంద అడుగులుంటుంది. అక్కడ ఒకరి లెక్కలో నది, ఇంకొకరి లెక్కలో సముద్రం.

"మనం ఎక్కడ నిలబడ్డాంరా?" అన్నాడు అన్న.

మా వాడు ఫోటో పెద్దది చేసి చూపించాడు. ముందు చేప. వెనక ఎడమవైపు ఇనుప వంతెన. కుడివైపు రాతి స్తంభాలు. మధ్యలో మేము, పళ్ళన్నీ బయటపెట్టి.

ఫోటో డిలీట్ చేశాను. 'డిలీట్ చేస్తే ఇంకా అనుమానం గదరా' అన్నాడు మా వాడు. మళ్ళీ పెట్టాలా అంటే తిట్టాడు. అప్పటికి నలభై మంది చూశారు. ఆ నలభై మందినీ కూర్చుని ఒక్కొక్కరిగా విచారించాం. పై అంతస్తు ఆంటీ మెట్ల దగ్గర కలిసి, 'శనివారం చేపలేనా బాబూ, వాసన పైదాకా వచ్చింది' అంటే, అన్న 'కాదండీ, వంకాయ' అన్నాడు. జీవితంలో అన్న ఆడిన అబద్ధాల్లో అంత చేతకానిది ఇంకోటి లేదు.

బుధవారం మా కిటికీ ముందు ఒక తెల్ల ట్రక్కు ఆగింది. తలుపు మీద ఏదో ముద్ర, మా కిటికీలోంచి దాని కింది అంచు మాత్రమే కనిపిస్తోంది. నాలుగు బూట్లు దిగాయి. అటూ ఇటూ తిరిగాయి. గంట తర్వాత వెళ్ళిపోయాయి. గురువారం మళ్ళీ వచ్చాయి.

"ఫెడరల్ బూట్లా, ప్రావిన్స్ బూట్లా?" అని అడిగాను.

"నీకు జోకులా? అన్న లైఫ్ రా అది," అన్నాడు మా వాడు. అన్న గోడకి ఆనుకుని, కిటికీలోంచి కనబడని చోట కూర్చున్నాడు. శుక్రవారం ఆ బూట్లు రోడ్డు తవ్వి, నీళ్ళ పైపు బాగుచేసి వెళ్ళిపోయాయి. మాకు ఆ రోజంతా కుళాయి రాలేదు.

ఆ శుక్రవారమే కాలేజీ లెటర్ వచ్చింది. అన్న సాయంత్రం లాప్‌టాప్ తెరిచాడు. అన్నీ నింపాడు. ఆ ప్రశ్న దగ్గరకొచ్చి ఆగిపోయాడు.

"కేసు ఉందా అని కదన్నా అడిగింది. లేదు కదా. నొక్కు," అన్నాను.

"ఇంకా రాలేదేమోరా. ఆ ముసలాయన రాసుకున్నాడు కదా."

"వస్తే అప్పుడు చూద్దాం."

"అప్పుడు నేను అబద్ధం చెప్పినట్టవుద్ది. చేపకి దొరికితే ఫైన్‌తో పోద్దేమో. అబద్ధానికి దొరికితే ఇంటికే." మళ్ళీ తనే, "ఆయన ఏం రాశాడో అడిగొద్దాం," అన్నాడు.

నేను నవ్వబోయి ఆగాను. అన్న వేలు మౌస్ మీద ఉంది గానీ నొక్కట్లేదు. పప్పులో ఉప్పు ఇంతని చెప్పే వేలు అదే.

మర్నాడు మళ్ళీ వంతెన దగ్గరికి వెళ్ళాం. ఈసారి ఆటు. నది అడుగున ఒక పాయలా మిగిలి, అటూ ఇటూ ఎర్రటి బురద మెరుస్తోంది. ముసలాయన అదే కుర్చీలో ఉన్నాడు. అన్న ముందు నడిచాడు. వెనక మేమిద్దరం, పారిపోవడానికి వీలైనంత దూరంలో.

"సర్, పోయిన శనివారం మా గురించి మీరేం రాశారో తెలుసుకోవచ్చా సర్?"

ఇంగ్లీషులో ఒక వాక్యంలో రెండు సర్లు పెట్టడం అన్నకి అలవాటు. ముసలాయన ఆశ్చర్యపోలేదు. పేజీలు తిప్పి, నోట్‌బుక్ మాకేసి తిప్పాడు. తారీఖు, టైము, పోటా ఆటా, ఆ పక్కన ఒక అంకె. పేజీ పేజీకీ అంతే. మా శనివారం అంకె ఆయన బొటనవేలి కింద ఉంది, దాని పక్కన మాత్రం ఒక వాక్యం ఎక్కువ రాసి ఉంది: 'ముగ్గురు కుర్రాళ్ళు. ఒకడు నీళ్ళు రుచి చూశాడు.'

చేప మాట లేదు. లైసెన్స్ మాట లేదు.

ఆయన కథ అప్పుడు తెలిసింది. చాలా ఏళ్ళ క్రితం, సరిగ్గా ఆ వంతెనకీ స్తంభాలకీ మధ్య నిలబడి చేప పట్టినందుకు ఆయనకి జరిమానా టికెట్ రాశారు. సముద్రం వాళ్ళని అడిగితే అక్కడ లైసెన్స్ అక్కర్లేదన్నారు. నది వాళ్ళని అడిగితే కావాలన్నారు. అప్పటి నుంచి ఆయన గాలం మానేసి, గాజు గొట్టం ఒకటి కొనుక్కుని, నీళ్ళలో ఉప్పు కొలిచి ఇద్దరికీ ఉత్తరాలు రాస్తున్నాడు.

"ఇద్దరూ చాలా మర్యాదగా జవాబిస్తారు," అన్నాడాయన. తర్వాత అన్నని ఎగాదిగా చూసి, "నీకేమనిపించింది ఆ రోజు? రుచి?"

"పదకొండు ఉంటుంది సర్," అన్నాడు అన్న. "వెయ్యికి పదకొండు. పన్నెండు దాటదు."

ముసలాయన నోట్‌బుక్ మాకు ఇంకొంచెం దగ్గరగా పెట్టి, ఆ శనివారం అంకె మీంచి బొటనవేలు తీశాడు. పదకొండు.

తర్వాత ఆయన పెన్ను తీసి అన్నకి అందించాడు. ఆ అంకె పక్కన సంతకం పెట్టమన్నాడు. ఇన్నేళ్ళలో తన గొట్టం తప్పని అందరూ అన్నారట, ఒక సాక్షి దొరకడం ఇదే మొదటిసారట.

"అన్నా, పెట్టకు! ట్రాప్ ఇది!" అన్నాడు మా నిజామాబాద్ వాడు తెలుగులో, అంత గట్టిగా ఎందుకన్నాడో గానీ ముసలాయనకి కూడా అర్థమైనట్టే ఉంది. "సంతకం పెడ్తే నువ్వు ఆడున్నట్టు నువ్వే రాసిచ్చినట్టు!"

అన్న పెన్ను పట్టుకుని నిలబడి ఉండగానే వంతెన మీద ట్రక్కు ఆగింది. ఈసారి తలుపు మీద ముద్ర పూర్తిగా కనిపించింది, చేపల శాఖది. బూట్ల పైన మనిషి కూడా ఉన్నాడు. యూనిఫాంలో గట్టు దిగి వచ్చి, ముసలాయన్ని చూసి, "ఇవాళ ఎవరి నీళ్ళు?" అని పలకరించాడు. వీళ్ళిద్దరూ ఒకటేనన్నట్టు మా వాడు నా మోచెయ్యి గిల్లాడు.

ఆ ఆఫీసరు మావైపు ఇంకా చూడనైనా లేదు. అన్న అటెన్షన్‌లో నిలబడి మొత్తం చెప్పేశాడు. పోయిన శనివారం సర్. ఒక చేప సర్. నాలుగున్నర ఫోన్లు సర్. లైసెన్స్ లేదు సర్. సముద్రమనుకున్నాం సర్. మా నిజామాబాద్ వాడు కళ్ళు మూసుకున్నాడు.

ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు. ఎక్కడ నిలబడ్డారని అడిగాడు. అన్న చూపించాడు. ఆఫీసరు వంతెన వైపు చూశాడు, స్తంభాల వైపు చూశాడు, చివరికి ముసలాయన వైపు చూశాడు.

"వంతెనకి కిందైతే చెయ్యి ఊపి వెళ్ళిపోతాను. స్తంభాలకి పైనైతే టికెట్ రాస్తాను. మధ్యలో నేను ఏం రాసినా ఈయన నాకు ఆరు పేజీల ఉత్తరం రాస్తాడు," అన్నాడు. "లైసెన్స్ కొనుక్కో. ఎక్కడ నిలబడ్డా గొడవుండదు. ఇక వెళ్ళు."

అంతే. అయిపోయింది. వారం రోజుల భయం అలా ఒక 'ఇక వెళ్ళు'తో పోతుందని నేను ఊపిరి తీసుకున్నాను. కానీ అన్న కదల్లేదు.

"సర్, ఆ మాట కాగితం మీద ఇస్తారా సర్?"

"ఏ మాట?"

"నా మీద కేసు లేదని సర్. చిన్న లెటర్. స్టాంపుతో."

ఆఫీసరుకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. "నీ మీద నేనేమీ రాయలేదని, రాసివ్వమంటున్నావా?"

"యెస్ సర్."

"నేను రాసివ్వాలంటే నీ పేరు నా సిస్టంలోకి ఎక్కించాలి. ఇప్పుడు అందులో నువ్వు లేవు. ఎక్కించమంటావా?"

అన్న ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. కాలేజీ లెటర్, బ్యాంకు లెటర్, ఇంటి ఓనరు లెటర్, ఇలా ప్రతిదానికీ ఒక కాగితం పట్టుకుని ఇంతదూరం వచ్చినవాడు. కాగితం లేకపోవడమే మేలైన చోటు ఒకటుంటుందని మాకెవరూ చెప్పలేదు. మా వాడు ఒక చెయ్యీ నేనొక చెయ్యీ పట్టుకుని లాగితే గానీ, "నో సర్, థాంక్యూ సర్," అనలేదు.

ట్రక్కు వెళ్ళిపోయింది. ముసలాయన చెయ్యి చాపే ఉంచాడు, పెన్ను కోసం కాదు, నోట్‌బుక్ ఇంకా తెరిచే ఉందని చూపించడానికి.

"వద్దన్నా, బయటపడ్డం గదా," అన్నాడు మా వాడు, ఈసారి మెల్లగా.

"నేను చెప్పిన అంకె కరెక్టే కదరా," అన్నాడు అన్న. "కరెక్టుదానికి సంతకం పెట్టడానికి కూడా భయపడితే ఎలాగ?"

ఆ అంకె పక్కన సంతకం పెట్టాడు. పక్కనే 'పోటు మీద' అని కూడా రాశాడు. అక్కడితో ఆగి ఉంటే ముసలాయన సంతోషపడేవాడు. అన్న బురదలోకి దిగి, ఆ మిగిలిన పాయలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చప్పగా ఉంది సర్. ఇప్పుడిది నదే." అది కూడా నోట్‌బుక్‌లో రాసి, దాని కిందా సంతకం పెట్టాడు. ముసలాయన ఆ రెండో సంతకాన్ని చాలాసేపు చూశాడు. అన్ని ఏళ్ళ ఉత్తరాలకీ దొరికిన ఒకే ఒక్క సాక్షి ఇద్దరి తరఫునా చెప్పాడు మరి. ఫ్లాస్కులో కాఫీ మాత్రం పోసిచ్చాడు. మా వాడు ముందు నన్ను తాగమన్నాడు.

ఆ సాయంత్రమే అన్న 'లేదు' నొక్కి, అప్లికేషన్ పంపేశాడు. సోమవారం ముగ్గురం నది లైసెన్సులు తీసుకున్నాం. అప్పటి నుంచి మాకు ఆ వంతెనకి పైనా కిందా ఎక్కడా ఒక్క చేప పడలేదు. దాని వెనక ఎవరున్నారో మా నిజామాబాద్ వాడి దగ్గర ఒక థియరీ ఉంది.

చాలా వారాల తర్వాత వర్క్ పర్మిట్ వచ్చింది. అన్న దాన్ని చదవడం కాదు, వెతికాడు. ఏ ఏ పనులు చేయకూడదో ఉన్న షరతులన్నీ ఒక్కొక్కటిగా పైకి చదివాడు. ట్యూబులైటు కిందకి ఎత్తి పట్టుకుని వెనకవైపు చూశాడు.

"చేప గురించి ఏమీ లేదురా."

"లేదన్నా. ఉండదన్నా."

"రాయడం మర్చిపోయారేమో." లాప్‌టాప్ తెరిచాడు. "ఎందుకైనా మంచిది, ఒక మెయిల్ పెట్టి కన్ఫర్మ్ చేసుకుంటే?"

నేనూ మా వాడూ ఒకేసారి లేచి, అన్న చేతులు మూత కింద ఉన్నాయని కూడా చూడకుండా, లాప్‌టాప్ మూసేశాం.